ప్రెస్సు కిందికి వంగినవాడు

రేకులు నొక్కే ప్రెస్సు వెనక మనిషి మోకాళ్ల మీద ఉన్నాడు. ఛాతీ దాకా లోపలికి ఉన్నాడు. తల ఉండాల్సిన చోట, ఇనుప దిమ్మె మీద నెత్తుటి ముద్ద.

ఇన్‌స్పెక్టర్ షెడ్డులోకి వచ్చేసరికి మోటారు ఇంకా తిరుగుతూనే ఉంది. ప్రెస్సు పైకి లేచి ఆగింది. దాని అంచు నుంచి రక్తం చుక్కలు చుక్కలుగా పడుతోంది. వెనక జాలీ తలుపు తెరిచే ఉంది.

పనివాళ్లు గోడకు అతుక్కుపోయారు. పిలిచినా ఒక్కరూ కదల్లేదు.

ఒకడు మాత్రం దూసుకొచ్చాడు. నడుము దాకా ప్రెస్సు కిందికి వంగాడు. శవం చంకల్లో చేతులు వేసి బయటికి లాగాడు.

"ముట్టుకోకు!" ఇన్‌స్పెక్టర్ అరిచాడు.

"మా బావ సార్! అలా వదిలేయమంటారా?"

చచ్చినవాడు షెడ్డు యజమాని. లాగినవాడు అతని చెల్లెలి మొగుడు. యంత్రానికి కంట్రోల్ బోర్డు పెట్టింది ఇతనే. అందరూ 'బోర్డు బావ' అంటారు.

మోటారు ఆపించి ఇన్‌స్పెక్టర్ ముందువైపుకు వచ్చాడు. పెడల్ దగ్గర యజమాని తమ్ముడు కూలబడి ఉన్నాడు. వదిన వాడి జుట్టు పట్టుకుని ఊపేస్తోంది.

"పెంచి పెద్ద చేశాను కదరా! మీ అన్నని ఎలా తొక్కబుద్ధయిందిరా నీకు?"

పొద్దున అన్నదమ్ములు కాలర్లు పట్టుకున్నారు. "నిన్ను చంపైనా నా వాటా తీసుకుంటా" అన్నాడు తమ్ముడు. షెడ్డంతా విన్నది.

"పెడల్ తొక్కావా?"

"తొక్కాను."

"అన్న లోపలుండగా?"

"వెనకున్నాడని తెలీదు సార్. ఇరుక్కున్న రేకు తీస్తున్నాడట. జాలీ తెరిచుంటే ఎంత తొక్కినా ప్రెస్సు దిగదు. ఎప్పుడూ దిగలేదు!"

"ఇవాళ దిగింది."

తమ్ముడికి సంకెళ్లు పడ్డాయి.

ఇన్‌స్పెక్టర్ బోర్డు బావని వెంటబెట్టుకుని కంట్రోల్ బోర్డు దగ్గరికి వెళ్లాడు.

"జాలీ తెరిచిన సంగతి దీనికెలా తెలుస్తుంది?"

"జాలీకి సెన్సర్ ఉంది సార్. దాని వైరు ఈ చిప్పులో ఒక పిన్‌కి వస్తుంది. ఆ పిన్‌ని ఇన్‌పుట్ అని పెట్టాను. ఇన్‌పుట్ అంటే చెవి అనుకోండి. వినడమే దాని పని."

"ఔట్‌పుట్ అని పెడితే?"

"నోరవుతుంది. వినదు. తనే కరెంటు పంపుతుంది." బోర్డు బావ ల్యాప్‌టాప్ తిప్పి చూపించాడు. "ఇదిగో, ఇన్‌పుట్ అనే ఉంది. నా బోర్డు తప్పు లేదు సార్. వాడే ఏదో చేశాడు."

ఇన్‌స్పెక్టర్ జాలీ సెన్సర్ విప్పించి ల్యాబ్‌కి పంపాడు.

మర్నాడు అదే సెన్సర్ మళ్లీ బిగించారు. అందరినీ షెడ్డుకు పిలిపించాడు. సంకెళ్లతో తమ్ముణ్ని పెడల్ దగ్గర నిలబెట్టాడు.

"సెన్సర్ లోపల మాడిపోయింది" అన్నాడు.

బోర్డు బావ ఎగిరిపడ్డాడు. "చూశారా! వాడే మాడ్చుంటాడు!"

"సీలు పగల్లేదు. వైరు కోయలేదు. పిన్ వైపు నుంచి మాడింది. జాలీ తెరవగానే సెన్సర్ వైరుని సున్నాకి లాగుతుంది. అవతల చెవి ఉంటే పేచీ లేదు. నోరుంటే? అది కరెంటు తోస్తుంది. తోపులాటలో సెన్సర్ మాడింది. అంటే నిన్న ఆ పిన్ ఔట్‌పుట్. జాలీ తెరిచినా అది వినలేదు, ప్రెస్సు దిగింది. తర్వాత ఎవరో దాన్ని మళ్లీ ఇన్‌పుట్ చేశారు. అందరూ అంబులెన్స్ కోసం రోడ్డెక్కినప్పుడు."

"నేనొక్కణ్నేనా చేయగలిగేది? బావమరిదికీ నేర్పాను. వాడూ ఇక్కడే ఉన్నాడు!"

"నిజమే. అందుకే నిన్నటి సంగతి గుర్తుచేసుకున్నాను. మోటారు తిరుగుతోంది. మనిషి తల పగలగొట్టిన ప్రెస్సు. దాని కిందికి వంగడానికి తమ్ముడితో సహా ఒక్కరూ రాలేదు. నువ్వు మాత్రం పైకైనా చూడకుండా నడుము దాకా వంగావు. అంత ధైర్యం ఎక్కడిదయ్యా?"

బోర్డు బావ పెదవులు తడుపుకున్నాడు.

"బావ మీద ప్రేమ సార్."

"ప్రేమ కాదు. సరిచేశానన్న ధీమా. అన్న పాడెక్కితే, తమ్ముడు జైలుకెళ్తే, అన్న భార్యని పక్కకి నెట్టి షెడ్డు నీ పెళ్లాం చేతికి తెచ్చుకోవచ్చు."

మోటారు వేయించాడు. జాలీ తెరిచి తన హెల్మెట్ దిమ్మె మీద పెట్టాడు. తమ్ముడికి సైగ చేశాడు.

పెడల్ దిగింది.

షెడ్డు అదిరింది. హెల్మెట్ రేకులా అణిగిపోయింది. ప్రెస్సు మళ్లీ పైకి లేచింది.

"పిన్ సరిచేశావు. సెన్సర్ చచ్చిందనీ, జాలీ తెరిచినా ఇక చెప్పలేదనీ నీకు తెలీదు. నిన్న నువ్వు వంగినప్పుడు పెడల్ మీద ఎవరి కాలైనా పడుంటే?"

బోర్డు బావ ముఖంలో నెత్తురు చుక్క లేదు. చేతికందిన ఇనుప రాడ్డు లాగి కొట్టాడు. ఇన్‌స్పెక్టర్ భుజం విరిగింది. రెండో దెబ్బకి రాడ్డు లేచింది. ఇన్‌స్పెక్టర్ అతని పొట్టలో తన్నాడు. బోర్డు బావ వెనక్కి విసురుగా పడి, తెరిచిన జాలీలోంచి దిమ్మె మీద వెల్లకిలా పడ్డాడు.

తల సరిగ్గా ప్రెస్సు కింద ఉంది.

మోటారు తిరుగుతోంది. తమ్ముడి కాలు పెడల్ మీద ఉంది.

"రేయ్, రేయ్ బావమరిదీ... వద్దురా..."

తమ్ముడి పిక్క బిగిసింది.

వదిన నెమ్మదిగా వచ్చి వాడి పక్కన నిలబడింది. నిన్న పీకిన జుట్టు మీదే చెయ్యి వేసింది.

"తీసెయ్ నాన్నా కాలు. నువ్వు కూడా పోతే నాకెవరున్నారు?"

వాడు వెక్కుతూ కాలు తీశాడు.

ఇన్‌స్పెక్టర్ బాగున్న చేత్తో మోటారు ఆపాడు.