చెయ్యెత్తే మోరీ

తళి నుంచి హోసూరుకు దిగే దోవలో, నీలగిరి తోపు దాటాక రోడ్డు పల్లంలోకి జారి మళ్ళీ మిట్టకు ఎక్కే చోట ఒక మోరీ ఉంది. వాన నీళ్ళు రోడ్డు కిందుగా పోవడానికి ఎప్పుడో కట్టింది. పగలు చూస్తే అక్కడ ఏమీ లేదు. ఒక కాలవ, నాలుగు రాళ్ళు, పక్కనే గులాబీపూలు పెంచడానికి వేసిన షెడ్డు, పాడుబడింది. బెంగుళూరు ఆసామి ఎవడో కట్టి, నష్టం వచ్చి వదిలేసిపోయింది. ఇనుప కమ్ములు, వాటి మీద చినిగి వేలాడే ప్లాస్టిక్ పట్టా... అంతే.

చీకటి పడితే మాత్రం దాని పేరెత్తేవాళ్ళు లేరు. ఎత్తక తప్పకపోతే, చెయ్యెత్తే మోరీ అంటారు.

వాన రాత్రి తెల్లచీర కట్టుకున్న ఆడమనిషి ఒకతె ఆ మోరీ మీద నిలబడి చెయ్యెత్తుతుందంట. నిలిపితే బండెక్కుతుందంట. ఎక్కితే... తెల్లారేసరికి నడిపేవాడి మెడ వెనక్కు తిరిగి ఉంటుందంట. మెడ తిరిగినవాణ్ణి కళ్ళారా చూసినవాడు ఒక్కడూ లేడు. చెప్పేవాళ్ళు మాత్రం ఊరికి నూరుమంది.

అందుకే అక్కడొక కట్టుబాటు. చెయ్యి కనపడితే నిలపకూడదు. వెనక్కి చూడకూడదు. హారన్ మీద చెయ్యి, ఆక్సిలేటర్ మీద కాలు పెట్టి తొక్కాలి. అట్లా తొక్కినా ఏడాదికి ఒకటో రెండో బండ్లు ఆ కాలవలో పడుతూనే ఉంటాయి. పడినప్పుడల్లా కట్టుబాటు ఇంకా గట్టిపడుతుంది. మనుషుల తెలివి అది.

మాదప్పది మోరీకి తళి వైపున్న పల్లె. తాతల నాటి సేద్యం — క్యాబేజీ, బీన్సు, బంతిపూలు. దాంతోపాటు హోసూరులో ఫ్యాక్టరీ ఉద్యోగం, రెండో షిఫ్టు. ఒక వాన రాత్రి అతని భార్య మంజుశ్రీకి నొప్పులొచ్చాయి. తొలి కాన్పు. ఊళ్ళో ఉన్నది ఒకే జీపు, రాజప్పది. మోరీ మిట్ట దాకా వచ్చాడు రాజప్ప. పల్లంలో ఏదో తెల్లగా లేచింది...

అంతే. జీపు తిప్పేశాడు. కాళ్ళు పట్టుకున్నా ముందుకు పోలేదు.

"తెల్లారనీ మాదప్పా. బిడ్డ ఇంకొకటి పుడుతుంది. నా పానం పోతే మళ్ళీ వస్తుందా?" అన్నాడు.

తెల్లారింది. ఆసుపత్రికి చేరేసరికి బిడ్డలో ఊపిరి లేదు.

ఆ మాట మరిచిపోయే మాటా? రాజప్ప ఎదురైతే మాదప్ప దోవ మార్చుకుని పోయేవాడు. మోరీని చూస్తే ఒళ్ళు జలదరించేది, ఒళ్ళు మండేది — రెండూ ఒక్కసారే. రెండేళ్ళకు మంజుశ్రీ మళ్ళీ నీళ్ళోసుకుంది. ఆ రోజే అనుకున్నాడు — ఈ బిడ్డ కోసం ఒకడి కాళ్ళు పట్టుకునే పని లేదు. సొంత బండి ఉండాలి. ఆ మోరీని దాటే బండి ఉండాలి.

అది రెండువేల మూడు, నాలుగు ప్రాంతం. బెంగుళూరులో కంప్యూటర్ ఆఫీసు కుర్రవాడొకడు ఎర్ర కారు అమ్ముతున్నాడని తెలిసి పోయి కొనుక్కొచ్చాడు. వెనక డిక్కీ లేని పొట్టి కారు. ఒళ్ళు చిన్నది, లోపలి ఇంజను మాత్రం దాని ఒంటికి మించింది. కుర్రవాడు దాన్ని రేసుకారు చేస్తానని స్ప్రింగులు కోయించి నేలకు దించాడు. వీధంతా ఉలిక్కిపడే సైలెన్సరు పెట్టించాడు. మోజు తీరాక గాలికొదిలేశాడు.

ఊళ్ళో నవ్వారు. క్యాబేజీ మూట పట్టదు, మేకపిల్ల పట్టదు, ఇదేం బండప్పా అన్నారు. తల్లి మునిలక్ష్మమ్మ చుట్టూ తిరిగి చూసి, "నేలకు కరుచుకొని కూచోనుంది. ఇది కారా, కప్పా?" అంది.

మాదప్ప ఆలోచన వేరు. ఎత్తిన చెయ్యి దించేలోపల మోరీ దాటిపోవాలి. దానికి వేగం కావాలి. అంతకు మించి ఆలోచించలేదు పాపం. కట్టుబాటును తిట్టుకుంటూనే, ఆ కట్టుబాటుకు సరిపోయే కారును కొన్నాడు.

రోజూ డ్యూటీకి అందులోనే పోయి వచ్చేవాడు. తొలి వానకే కనపడింది. మసక లైట్ల ముందు తెల్లగా ఒక ఆకారం... చెయ్యి పైకి లేస్తూ ఉంది. హారన్ కొట్టాడు, తొక్కాడు. కింద దబ్బుమని దెబ్బ. స్టీరింగు చేతుల్లో గిజగిజలాడింది. ఇంటికి పోయి చూస్తే ముందు ఎడమ చక్రం రిమ్ము వంగి ఉంది.

హోసూరులో మెకానిక్కు ఆంజినప్ప ఆ రిమ్మును తడిమి తల ఊపాడు. అది చరిచిందప్పా అన్నాడు. రిమ్ము మార్చి, అద్దానికి నల్లదారం కట్టి, రెండింటికీ బిల్లు వేశాడు. ఆ మోరీ దెయ్యం నీకు పాలుదారా అని రిపేరు షెడ్డు దగ్గర ఎవరో ఎగతాళి చేస్తే, దాని పుణ్యానే నా పిల్లోళ్ళు కాన్వెంటులో చదువుతున్నారని నవ్వాడు. సిగ్గులేని నవ్వు.

అయినా పని మాత్రం బాగా చేసేవాడు. కోసిన స్ప్రింగులు తీసి పారేసి కంపెనీ స్ప్రింగులు వేశాడు. కారు లేచి నిలబడింది. తరువాతి జీతానికి షాక్ అబ్జార్బర్లు మార్చాడు. ఇక ఎంత గుంటలో పడినా మంజుశ్రీ కడుపుకు కుదుపు తగలదు. గోల సైలెన్సరు పోయింది. నున్నబడిన టైర్లు పోయి, తడి రోడ్డును పట్టి నడిచే టైర్లు వచ్చాయి. బ్రేకు తొక్కితే కారు కుడికి లాగేది. దానికీ మందు పడింది. పగ్గం లాగితే నిలిచే మంచి ఎద్దులాగ, తొక్కితే తిన్నగా నిలిచేది. ఒక్కో నెలా ఒక్కో రోగం వదిలించుకుంటూ ఆ కారు మనిషైంది.

లైట్లు మాత్రం అట్లే ఉన్నాయి.

ఆంజినప్ప రెండు మూడు సార్లు చెప్పాడు, వైర్లు పాతవి, దీపం బుడ్డి కూడా ఇంతకంటే నయమని. మాదప్ప వద్దన్నాడు. ఎందుకు వద్దో తనకు తాను కూడా చెప్పుకోలేదు. ఆ చెయ్యి వెనక ముఖమొకటి ఉంటుంది గదా... దాన్ని చూడాలని లేదు.

ఎనిమిదో నెలలో డాక్టరమ్మకు చూపించుకుని పొద్దుగూకినాక వస్తూ ఉంటే మంజుశ్రీ అడిగింది. "దోవ కనపడతా ఉందా మామా, లేకుంటే వాసన చూసి నడపతా ఉండావా?"

మరునాడే బ్యాటరీ నుంచి నేరుగా కొత్త వైర్లు లాగి, రిలే పెట్టించి, హాలోజెన్ బల్బులు వేయించాడు.

కార్తీకంలో వాన పట్టింది. రెండు రోజులు వదలలేదు. రెండో రాత్రి మంజుశ్రీ గోడ పట్టుకుని నిలబడిపోయింది. వెనక సీట్లో ఆమె, పక్కన మునిలక్ష్మమ్మ. కారు నీలగిరి తోపు దాటింది. పల్లంలోకి దిగింది. కొత్త లైట్లకు వాన చినుకు చినుకూ కనపడుతూ ఉంది...

తెల్లగా లేచింది.

చెయ్యెత్తింది.

"తొక్కరా మాదా..." తల్లి గొంతు గుసగుసగా వచ్చింది. "తొక్కు... చూడద్దు..."

కాలు దానంతట అదే ఆక్సిలేటర్ మీద పడింది. ఇంజను లేచింది. హారన్ మోగుతూనే ఉంది. అయినా ఈసారి కళ్ళు మూసుకోనివ్వలేదు ఆ వెలుతురు. మాదప్ప చూశాడు. అది చీర కాదు — షెడ్డు మీదిది, చినిగిన ప్లాస్టిక్ పట్టా. నెత్తిన కప్పుకుని ఉంది. దాని కింద బురద కాళ్ళు. వేళ్ళు ముందుకే ఉన్నాయి. నోరు పెద్దగా తెరుచుకుని ఉంది. నవ్వడం లేదు, ఏడవడం లేదు. రెండో చెయ్యి కూడా లేచింది.

వెనక నుంచి మంజుశ్రీ నొప్పి బిగబట్టుకుని అంది —

"మామా... అది మనల్ని పిలస్తా లేదు. వద్దంటా ఉంది."

కాలు బ్రేకు మీదికి మారింది. కారు ముక్కు నేలకు వంగింది. టైర్లు నీళ్ళను చీల్చుకుంటూ తిన్నగా పోయి... నిలిచాయి. ఆ ఆకారం రెండు అరచేతులూ బానెట్ మీద వేసి ఒగరుస్తూ ఉంది.

మాదప్ప దాని భుజం మీదుగా ముందుకు చూశాడు. లైట్ల వెలుగు కొంత దూరం రోడ్డు మీద పోయింది. ఆ తరువాత దేని మీదా పడలేదు.

రోడ్డు లేదు.

మోరీ కూలిపోయి ఉంది. ఎర్రనీళ్ళు సుడి తిరుగుతూ పోతున్నాయి.

ఆకారం కిటికీ దగ్గరికి వచ్చింది. మునిలక్ష్మమ్మ కొంగుతో ముఖం కప్పుకుంది.

"లోపల ఎంతమందప్పా?" అని అడిగింది దెయ్యం. గొంతు బొంగురుపోయి ఉంది.

"ముగ్గురం..." మాదప్ప వెనక సీటు వైపు తల తిప్పాడు. "ఇంకొక పానం దోవలో ఉంది."

ఆమె వెనక సీట్లోకి తొంగిచూసింది. ఒక్క క్షణం.

"షెడ్డులోంచి పోదాం. వెనకాల బండ మీద నీళ్ళు పల్చగా పారతాయి. నీది పొట్టి కారు, కమ్ముల నడమ పడతుంది. నా వెనకే రా."

ముందు ఆమె, వెనక కారు. రెండు వైపులా ఇనుప కమ్ములు జానెడు దూరంలో. చినిగిన పట్టాలు కారు టాపును వేళ్ళతో తడిమినట్టు తడుముతూ ఉన్నాయి. మునిలక్ష్మమ్మ దేవుళ్ళందరినీ పిలుస్తూ ఉంది. మంజుశ్రీ పెదవి కొరుక్కుని, ముందు నడిచే ఆ కాళ్ళనే చూస్తూ ఉంది. బండ మీద నీళ్ళు చక్రాల సగానికి వచ్చాయి... దిగాయి. అవతలి గేటు దాటి కారు రోడ్డెక్కింది. ఆమె పక్కకు జరిగి, పొండి పొండి అన్నట్టు చెయ్యి ఊపింది.

తెల్లవారుజామున ఆడపిల్ల పుట్టింది. ఏడ్చింది. ఆసుపత్రి వరండాలో నిలబడి మాదప్ప ఆ ఏడుపును చివరిదాకా విన్నాడు.

వాన వెలిసిన పగలు, దోవ చూపిన ఆమెను వెతుక్కుంటూ పోయాడు. పేరు కదిరమ్మ. షెడ్డు నడిచిన కాలంలో ఆమె మొగుడు కాపలాదారు. ఒక వాన రాత్రి మోరీ అంచు విరిగి మోపెడ్డుతో సహా కాలవలో పడి చనిపోయాడు. అప్పటి నుంచి నీళ్ళు పెరిగిన ప్రతి రాత్రీ ఆమె పోయి మోరీ మీద నిలబడుతుంది. నిల్లప్పా, నిల్లప్పా అని అరుస్తుంది. హారన్ గోలలో ఎవరికి వినపడుతుంది? వినపడినవాడికి అది ఏడుపు. లారీలవాళ్ళు దిష్టికని తెచ్చుకున్న నిమ్మకాయలు ఆమె మీదికి విసిరేవాళ్ళంట. ఏరుకుని ఊరగాయ పెట్టింది. పాత ఊరగాయ బాలింతకు మంచిదని ఒక జాడీ తెచ్చి చేతిలో పెట్టింది. పెడుతూ నవ్వింది.

మాదప్ప నవ్వలేదు. జీపు వెనక్కు తిరిగిన రాత్రి గురించి అడిగాడు.

"ఆ పొద్దు గూడా ఈడనే ఉన్నానప్పా. కుడిపక్క గట్టిగానే ఉండింది. మెల్లిగా వచ్చుంటే నేనే దాటించి ఉందును." కదిరమ్మ గొంతు తగ్గింది. "తిరుక్కొని పోయినారు."

మాదప్ప రోడ్డు ఆఫీసుకు పోయాడు. కుర్చీలో ఉన్నాయన కాగితం మీద నుంచి తలెత్తకుండా, ఆడ ఏందో ఉందంట గదా, కూలోళ్ళు రామంటా ఉండారు అన్నాడు. దెయ్యముంటే ఎంత సుఖమో చూడండి. మోరీ కట్టనక్కర లేదు. పిరికివాడు పిరికివాడు కానక్కర లేదు. మెకానిక్కుకు బిల్లు, ఆఫీసుకు సాకు. పోయిన ప్రాణాల పాపమంతా వానలో నిలబడిన ఒక ముసలిదాని నెత్తిన. థూ.

ఎట్టకేలకు నాలుగు ఇసుక మూటలు వేసి సగం రోడ్డు తెరిచారు. కదిరమ్మ నిలబడడం మానలేదు. సెలవు రోజు వాన పడితే మాదప్ప కూడా కారును మిట్ట మీద వదిలి, టార్చి పట్టుకుని, బురదలో ఆమె పక్కన నిలబడేవాడు. ఇంట్లో పసిబిడ్డ నిద్రపోతూ ఉండేది. ఇంకెవరి బిడ్డ దోవలో ఉందో ఎవరికి తెలుసు?

మరుసటి ఏడాది వానల్లో ఒక పొద్దున హోసూరు బస్టాండు పక్క టీకొట్టు దగ్గర జనం మూగి ఉన్నారు. నడుమ రాజప్ప. తలకు కట్టు, చేతికి కట్టు. గొంతు తగ్గించి చెబుతున్నాడు.

"ఇప్పుడు రెండుండాయప్పా ఆడ. ఆడదానికి తోడు మొగది గూడా చేరింది. ఇంత మీసం. చేతిలో కొరివి. మోకాళ్ళ కింద... కాళ్ళు లేవు."

మాదప్ప టీ గ్లాసు అందుకున్నాడు. "నిలిపినావా రాజప్పా?"

"నిలపతానా? నేనేం పిచ్చోడినా? కండ్లు మూసుకొని తొక్కినాను."

"జీపు?"

"కాలవలో ఉంది. ఆ మొగదే తోసేసింది."

"నిన్ను పైకి లాగిందెవరు?"

రాజప్ప చుట్టూ చూశాడు. అందరూ ఊపిరి బిగబట్టారు.

"అదే..." అన్నాడు. "నడుముకు తాడేసి అదే లాగింది. రక్తం తాగేదానికి. దేవుడి పేరు తలుచుకున్నాను, వదిలేసి పోయింది."

జనం గుండెల మీద చేతులు వేసుకున్నారు. మాదప్ప తన చేతుల వైపు చూసుకున్నాడు. తాడు ఒరిసి అరచేతుల్లో తోలు లేచిపోయి ఉంది. టీ గ్లాసు పట్టుకుంటే భగ్గున మండింది.