ఖాళీ గడి

కదిరి బస్టాండు వెనక సందులో ఫరీదా నడిపే నెట్ సెంటర్లో కంప్యూటర్లు ఆరు. పనిచేసేవి నాలుగు. ఆ నాలుగింట్లో స్కానర్ ఉన్నది మూలనున్న ఒక్కదానికే. 2007 ఎండాకాలమంతా ప్రతి శుక్రవారం సాయంత్రం ఆ మూల నరసింహప్పదే. చంకలో అట్టల మధ్య పెట్టి తెచ్చిన బొమ్మల కాగితాన్ని అద్దం మీద పరిచి, మూత వేసి, పసిబిడ్డను జోకొట్టినట్లు దాని మీద రెండుసార్లు తట్టేవాడు. ఫరీదా నవ్వేది. "అది పండుకోదన్నా, పని చేస్తాది," అనేది.

నరసింహప్ప తోలుబొమ్మలాట ఆడించే ఇంట్లో పుట్టాడు. తండ్రి పుల్లన్న ఒకప్పుడు తెర కడితే మూడూళ్ళ జనం బండ్లు కట్టుకుని వచ్చేవాళ్ళు. టీవీలొచ్చి తెర మూలపడింది. నరసింహప్ప గోడల మీద ఎరువుల ప్రకటనలు రాసి కొన్నాళ్ళు బతికాడు. ఫ్లెక్సీలొచ్చి ఆ కుంచె కూడా ఎండిపోయింది. భార్య బెంగళూరులో ఇళ్ళు కట్టే బేల్దారి కూలికి పోయింది. ఏడేళ్ళ కూతురు ఆశ్రితనూ, ముసలి తండ్రినీ చూసుకుంటూ వాడు ఇంట్లో కూర్చుని నెట్‌లో పెట్టే బొమ్మల కథ, వెబ్‌కామిక్, గీస్తున్నాడంటే వీధి నవ్వకుండా ఉంటుందా? "తా దూర కంత లేదు, మెడకొక డోలు" అని నవ్వింది. నవ్వితే నవ్వనీ. ఎక్కడెక్కడో కూర్చున్న మూడు నాలుగు వందల మంది ప్రతి శుక్రవారం ఆ ఒక్క పేజీ కోసం కాచుకుని ఉండేవాళ్ళు.

కథ పేరు 'ఏడు చెరువులు'. ఒక రాక్షసి ఏడు చెరువుల నీళ్ళూ తాగేసి పోతుంది. చినుకు అనే పిల్ల బిందె పట్టుకుని ఆమెను వెతుక్కుంటూ బయల్దేరుతుంది. రెండు జడలు, ఊడిన ముందు పన్ను, మోకాలి మీద మచ్చ. ఎవరి ముఖమో వేరే చెప్పాలా? వాడికి కళ్ళెదుట తిరిగే పిల్ల ఒక్కతే.

గీత మామూలే. కథ నడకే గొప్ప. అది తండ్రి దగ్గర నేర్చినది. పుల్లన్న అనేవాడు, "తొందరపడొద్దప్పా. బొమ్మ వచ్చేముందు తెర రవ్వంతసేపు ఖాళీగా ఉండల్ల. జనం ఆ ఖాళీని సూస్తా ఊపిరి బిగబడతారు. భయమంతా ఆడనే ఉండాది. బొమ్మలో లేదు." అందుకే నరసింహప్ప ప్రతి పేజీలో ఒక గడి ఖాళీగా వదిలేవాడు. ఎర్రనేల, తెల్లటి ఆకాశం, అంతే. చదివేవాళ్ళకు ఆ ఖాళీ గళ్ళంటే పిచ్చి.

పదో పేజీలో రాక్షసి ముఖం చూపించాలి. వాడు ఎన్నిసార్లు గీసినా అది రాక్షసిలా రాలేదు, పక్కింటి అత్తలా వచ్చింది. శుక్రవారం మధ్యాహ్నమైంది. అప్పుడు తలెత్తి దూలం వైపు చూశాడు.

దూలానికి ఒక గుడ్డ మూట వేలాడుతోంది. మూడేళ్ళుగా వేలాడుతోంది. అందులో ఉన్నది కరువమ్మ. పుల్లన్న వాళ్ళ తాత చేతిలో తయారైన మేకతోలు బొమ్మ. ఆటలో ఆమెకు మాటలు లేవు. తెర మీదికి వచ్చి నిలబడుతుంది. ఎడమ చెయ్యి కర్రలా ఉంటుంది, కుడి చెయ్యి ఒక్కటే కదులుతుంది. వేలు మడిచి పిలుస్తుంది. ఎవరిని పిలిస్తే వాళ్ళు వెంట పోవాలి. అంతే ఆమె వేషం.

బొమ్మకు వయసైపోతే పారేయరు, కాల్చరు. మనిషిని పంపినట్లే పంపుతారు. పసుపు పూసి, గుడ్డ చుట్టి, పిడికెడు బియ్యం పెట్టి, పారే నీళ్ళలో సాగనంపుతారు. కరువమ్మకు పసుపూ బియ్యమూ అయ్యాయి. నీళ్ళే కాలేదు. ఊరి పక్కన మద్దిలేరు మూడేళ్ళుగా ఇసుక. ఏరొచ్చినప్పుడు పంపుదామని మూట దూలానికి కట్టారు.

పాత బొమ్మ ఇంట్లో ఉండగా కొత్తది గీయడమెందుకు అనుకున్నాడు నరసింహప్ప. తండ్రి నిద్రపోతుండగా మూట విప్పాడు. ఆ సాయంత్రం ఫరీదా స్కానర్ మీద కరువమ్మను పడుకోబెట్టాడు. తోలు వంకరపోయి మూత సరిగ్గా పడలేదు. వెలుగు కింద నుంచి మెల్లగా పాకుతూ పోయింది. నగల కోసం పొడిచిన వందల చిల్లుల్లోంచి చుక్కలు చుక్కలుగా పైకి లేచి, గది కప్పు మీద పాకింది. ఫరీదా అటు చూసి, "అబ్బ, ఎంత బాగుండాదన్నా," అంది.

పదో పేజీకి మెచ్చుకోళ్ళు కుప్పలుగా వచ్చాయి. పదకొండో పేజీకి ఇంకా ఎక్కువ వచ్చాయి. ఖాళీ గడిలో ఆ నీడ భలే పెట్టారండీ అని ఒకరు రాశారు.

నరసింహప్ప నీడ పెట్టలేదు.

చూస్తే నిజంగానే ఉంది. గడి అంతా నిండి, పొగ పట్టినట్లు, పెద్ద మసక. అద్దం మీద దుమ్మనుకున్నాడు. ఫరీదా దుప్పట్టా కొసతో అద్దం తుడిచింది. పన్నెండో పేజీ తెల్లగా, శుభ్రంగా ఎక్కించాడు. మర్నాడు చూస్తే ఖాళీ గడిలో మళ్ళీ నీడ. ఈసారి చిన్నదైంది. గడిలో సగమే ఉంది. అంచులు తేలాయి. భుజం ఉంది. జడ ఉంది.

ఆ రాత్రి అన్నం దగ్గర తండ్రికి చెప్పాడు. పుల్లన్న ముద్ద కలుపుతున్న చెయ్యి ఆగింది.

"ఆ మూట విప్పినావా?"

"విప్పినా నాయనా. ముఖం కావాల్సొచ్చింది. మళ్ళా కట్టిపెట్టినా కదా."

"యెలుగు సూపించినావా దానికి?"

నరసింహప్ప తలూపాడు.

"సాగనంపిన బొమ్మకు యెలుగు సూపిస్తే తెర మీదికి రమ్మన్నట్లేరా. తెలీదా నీకు?"

"అది కంప్యూటరు నాయనా. తెర కాదు."

"యెనక యెలుగుండాదా?"

"ఉండాది."

"ముందర సూసేవాళ్ళుండారా?"

"ఉండారు."

"మరింకేం కావల్లప్పా తెరంటే?"

ఆశ్రిత పళ్ళెంలో మజ్జిగ జుర్రుతున్న చప్పుడు ఒక్కటే వినబడింది. పుల్లన్న గొంతు తగ్గించాడు. "బొమ్మ దీపం దగ్గరుంటే నీడ పెద్దగా, మసగ్గా ఉంటాది. తెర దగ్గరికి వచ్చేకొద్దీ చిన్నదైతాది, తేటగైతాది. తెరకు ఆనిందంటే ఆట మొదలైనట్లే. దాని ముందర యెవరుండారు నీ కథలో?"

నరసింహప్ప కూతురి వైపు చూశాడు. చినుకు ముఖం ఎక్కడి నుంచి తెచ్చాడో ముసలాయనకు చెప్పాల్సిన పని లేకపోయింది.

దారి ఒకటే. బొమ్మను పారే నీళ్ళలో పంపాలి. ఆ ఏడు ఆ చుట్టుపక్కల పారే నీళ్ళెక్కడివి? చెరువులు నోళ్ళు తెరుచుకుని ఉన్నాయి. నాలుగు రోజులు సైకిలు మీద తిరిగి, గురువారం సోమప్ప చేనులో బోరు వేస్తున్నారని విని, తండ్రీ కొడుకులు మూట పట్టుకుని పరుగెత్తారు. నీళ్ళు పైకెగిరి కాలవలో పారితే చాలు. బోరు బండి రోజంతా అరిచింది. ఏడువందల అడుగుల దాకా తెల్లటి దుమ్మే లేచింది. సోమప్ప తల పట్టుకుని గట్టు మీద కూలబడ్డాడు. ఆ రోజు ఆ చేనులో అతని కంటే ఎక్కువ ఏడ్చినవాడు నరసింహప్ప. ఎందుకేడుస్తున్నాడో సోమప్పకు అర్థం కాలేదు.

మూట మళ్ళీ దూలమెక్కింది.

శుక్రవారం నెట్ సెంటర్‌కు పోయాడు. గీయడానికి కాదు, అన్ని పేజీలూ చెరిపేయడానికి. ఆశ్రితను ఇంట్లో వదలడానికి మనసొప్పక వెంట తీసుకుపోయాడు. మునిమాపు వేళ. ఫరీదా తప్ప ఎవరూ లేరు. పక్కన స్టూలు మీద ఆశ్రిత కాళ్ళూపుతూ బఠాణీలు తింటోంది. ఆమె రెండో చేతిని నరసింహప్ప వదలలేదు. ఒంటిచేత్తోనే ఒక్కొక్క పేజీ చెరిపాడు. ఒకటి, రెండు, ఐదు, పది. రాక్షసి ముఖం పోయింది. పదకొండు పోయింది. పన్నెండు పోయింది.

పదమూడు మిగిలింది.

పదమూడో పేజీ వాడు గీయలేదు.

అప్పుడే కరెంటు పోయింది. ఫ్యాను కీచుమని ఆగింది. "జనరేటర్ ఎయ్యిస్తా, కూర్చోండన్నా," అంటూ ఫరీదా బయటికి పోయింది. మూడు మానిటర్లు చచ్చిపోయాయి.

మూలది ఆరలేదు.

వెలుగు మారింది. నీలంగా లేదు. పచ్చగా, రవ్వంత వణుకుతూ ఉంది. ముక్కుకు ఆముదం వాసన తగిలింది. దీపం వత్తి కాలే వాసన. దాని వెనకే ఇంకోటి... నానబెట్టిన పచ్చితోలు వాసన. చిన్నప్పుడు పెరట్లో వచ్చేది. పేజీలో గడి ఒక్కటే ఉంది. ఎర్రనేల. తెల్లటి ఆకాశం. ఖాళీ.

వాడు ఊపిరి బిగబట్టాడు. బిగబట్టానని తెలిసేసరికి ఆలస్యమైంది.

ఆమె వచ్చింది. జానెడు కూడా లేదు. తేటగా ఉంది. ముక్కుపోగు దగ్గర మూడు చిల్లులు. మెడ చుట్టూ ఇరవై. ప్రతి చిల్లులోంచీ వెలుగు.

"నాయనా..." ఆశ్రిత గుసగుసగా అంది. "ఆయమ్మ పిలుస్తాంది."

"సూడొద్దు. కండ్లు మూసుకో."

"నన్నే నాయనా..."

భుజం మీది తువ్వాలు లాగి మానిటర్ మీద కప్పేశాడు.

కప్పాక తెలిసింది. తెల్లగుడ్డ. వెనక వెలుగు. ముందర చూసేవాళ్ళు. తెర కట్టింది తనే.

గుడ్డ మీద కుడి చెయ్యి లేచింది. వేలు మడిచింది. ఒకసారి... ఇంకోసారి...

తువ్వాలు మీది వెలుగు ఆరిపోయింది. చీకటి. నరసింహప్ప తన పిడికిట్లో ఉన్న చిన్న చేతిని బలమంతా పెట్టి పట్టుకున్నాడు. దేవుడా, తీసుకుంటే నన్ను తీసుకో అనుకున్నాడు. ఎంతసేపో తెలియదు.

జనరేటర్ కూసింది. లైటు వెలిగింది. చెయ్యి చేతిలోనే ఉంది. ఆశ్రిత స్టూలు దిగి నిలబడి ఉంది. రెండు జడలు, ఊడిన పన్ను, మోకాలి మీద మచ్చ. వాడు వలవలా ఏడ్చేశాడు.

ఫరీదా పరుగున వచ్చింది. "ఏమైందన్నా? ఇట్ల సెమటలు పట్టినాయే?" తువ్వాలు తీసి చూసింది. "ఏం లేదే. అన్నీ పోయినాయి. ఒక్క పేజీ కూడా లేదు."

ఆటోలో ఇంటికి వస్తున్నంతసేపూ నరసింహప్ప కూతురి తల నిమురుతూనే ఉన్నాడు. పోతే పోయింది కథ. గీత పోతే ఇంకో గీత. బిడ్డ దక్కింది. ఆశ్రిత మాట్లాడలేదు. భయపడిందిలే అనుకున్నాడు. కుడిచేత్తో ఆటో కడ్డీ పట్టుకుంది. ఎడమ చెయ్యి పక్కన వేలాడుతూనే ఉంది.

ఇంటి ముందుగదిలో పుల్లన్న బల్బు కింద కూర్చుని ఉన్నాడు. ఆశ్రిత లోపలికి వచ్చి, బల్బుకూ గోడకూ మధ్య నిలబడింది. సున్నం వేసిన గోడ మీద ఆమె నీడ పడింది.

పుల్లన్న నీడను చూశాడు. కొడుకును చూశాడు. మళ్ళీ నీడను చూశాడు. నీడలో చెవుల దగ్గర, మెడ చుట్టూ, మణికట్టు దగ్గర సన్నటి వెలుగు చుక్కలు, వరసగా. బల్బు వెలుగు పిల్లలోంచి గోడ మీద పడుతోంది.

ముసలాయన లేచి దూలం మీది మూట దించాడు. ముడి వేసినట్లే ఉంది. లోపల పసుపుంది. బియ్యముంది. బొమ్మ లేదు.

ఆ గుడ్డను చేతిలో పట్టుకుని మెల్లగా అన్నాడు. "సాగనంపల్లరా."

"నా బిడ్డ నాయనా అది!"

"నా మనవరాలు కాదా? నీడ సూడప్పా. పారే నీళ్ళు సూడు యాడన్నా."

"యాడున్నాయి? ఈ ఊర్లో పారే నీళ్ళు యాడున్నాయి నాయనా?" అని అరిచాడు నరసింహప్ప. అరుస్తూనే, పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి కరువుకు మనసులో చేతులెత్తి మొక్కాడు. తల్లీ, పోవద్దు, ఇట్లే ఉండు. వాన వద్దు. ఏరు వద్దు. ఈ ఇసుక ఇట్లే ఉండనీ. వీధి తలుపు తీసి ఆకాశం చూశాడు. ఒక్క మబ్బు లేదు. చుక్కలు గింజలు చల్లినట్లున్నాయి. గాలి కూడా లేదు.

చప్పుడు అప్పుడు వినబడింది.

ముందు ఎండుటాకుల కదలిక అనుకున్నాడు. కాదు. ఏటి వైపు నుంచి వస్తోంది. గులకరాళ్ళ మీద ఏదో జారుతున్నట్లు, సన్నగా... తర్వాత నిండుగా. మూడేళ్ళుగా ఆ ఊరు వినని చప్పుడు.

పుల్లన్న చేతిలోని గుడ్డలోంచి బియ్యం జారి నేల మీద పడ్డాయి.

"ఏరొచ్చినాది నాయనా," అంది వెనక నుంచి ఆశ్రిత. గొంతు ఆమెదే. "పోదామా?"

నరసింహప్ప తిరిగి చూశాడు. ఆమె గడప మీద నిలబడి ఉంది. ఎడమ చెయ్యి కర్రలా ఉంది. కుడి చెయ్యి మెల్లగా లేచింది, వేలు మడిచింది.

వద్దప్పా, సూడొద్దు, అని పుల్లన్న అంటూనే ఉన్నాడు. నరసింహప్పకు ఆ మాట వినబడుతూనే ఉంది. అయినా వాడు వంగి, చీకట్లో తన చెప్పుల కోసం తడుముకుంటున్నాడు.