ఎడమ చక్రం నిలవని బండి

ఆ ఉదయం కమ్మరి వీరమల్లు ఇంట్లో ముగ్గురున్నారు. గుమ్మంలో చింతపండు గింజలు తీస్తూ నాయనమ్మ అచ్చమాంబ, పెరట్లో గేదెకు కుడితి పెడుతూ మేనత్త కనకాయి, కొలిమి ముందు ఒక పక్కకు ఒరిగిపోయిన బండి దగ్గర అతని కూతురు మంగతాయి. వీరమల్లు మాత్రం ఇంట్లో లేడు. తూర్పు బీడు అంచున రాయై నిలబడి ఉన్నాడు.

పిల్లలూ, మణిదుర్గం రాజ్యానికి వచ్చిన కష్టం అదే. కోపిష్టి మాంత్రికుడొకడు ఆ బీడును శపించాడు. అక్కడి నేలకు కాలు తగిలినా, గిట్ట తగిలినా చాలు, మనిషీ పశువూ రాయైపోవలసిందే. బీడుకు అవతల ఒక ఊట ఉంది. ఆ నీళ్ళు చల్లితే శాపం పోతుంది. కానీ నేల తాకకుండా వెళ్ళేదెలా? అమావాస్య అమావాస్యకూ బీడు ఊరి వైపు పాకుతోంది. ఇప్పుడు కమ్మరివాడ చివరి ఇంటి గోడకు ఆనింది.

అందుకే వీరమల్లు తెరచాపతో గాలికి నడిచే బండి కట్టాడు. వెనక రెండు పెద్ద చక్రాలు, ముందు ఒక చిన్న చక్రం, కాలు బయటికి జారకుండా చుట్టూ చెక్కలు. బీడులోకి దిగీ దిగగానే దాని ఎడమ చక్రం ఊడిపోయింది. బండి ఒరిగి, వీరమల్లు పాదం నేలకు తగిలింది. ఊరివాళ్ళు బండిని, చక్రాన్ని తాళ్ళతో వెనక్కి లాగగలిగారు. అతణ్ణి లాగలేకపోయారు.

చక్రాన్ని పట్టి ఉంచేది మరమేకు. మెలికల గాడి తీసిన లావు ఇనుప మేకు అది. దాని తల బండి చట్రంలో కదలకుండా కూర్చుంటుంది. చక్రం దాని మీద తిరుగుతుంది. బయటి కొసకు, లోపల గాడి ఉన్న ఇనుప బిళ్ళ తిప్పి బిగిస్తారు. ఊడింది ఆ బిళ్ళే. మేకు అరిగిపోయి ఉంటుందనుకుంది మంగతాయి. మంచి మేకు దొరికితే నాన్న ఇంటికి వస్తాడు.

మంగతాయికి నలుగురిలో నోరు పెగలదు. అయినా చక్రం బెజ్జం కొలతకు వెదురుపుల్ల కోసుకుని, వాడలో ప్రతి కొలిమికీ వెళ్ళి అడిగింది. ఒకరి మేకు లావు, ఒకరిది పొట్టి. ఒకచోట మేకు సరిపోతే బిళ్ళ లేదు. ఇంకోచోట బిళ్ళ తెస్తే అది ఈ మేకుకు ఎక్కలేదు. ఆ ఊళ్ళో మేకుకు దారం చుట్టి, దారం వెంబడి ఆకురాయితో గాడి తీస్తారు. ఎవరి దారం లావు వాళ్ళది. అందుకని ఒక ఇంటి బిళ్ళ ఇంకో ఇంటి మేకుకు పట్టదు. సాయంత్రానికి ఆమె వేళ్ళు చీరుకుపోయాయి, మేకు మాత్రం దొరకలేదు.

మర్నాడు అడవిలోకి వెళ్ళింది. అక్కడ ఒక ముని, మనుషుల చేతుల్లోంచి జారిపోయిన వస్తువులన్నిటినీ గుహలో పోగేసి కాపలా ఉంటాడు. కావలసింది వెతుక్కోమని ఆయన కళ్ళు మూసుకున్నాడు. ఉంగరాలు, సూదులు, తాళంచెవులు, వాటి కింద కొండంత ఇనుము. మంగతాయి ఒక్కొక్క మేకునే పుల్లతో కొలిచింది. చివరికి ఒకటి సరిపోయింది. దాని బిళ్ళ ఏదని అడిగితే ముని ఒక కన్ను తెరిచాడు.

"బిళ్ళ జారిపోలేదు తల్లీ. అది ఇంకా ఎవరింట్లోనో ఉంది."

మంగతాయికి ఆ మేకును విసిరికొట్టాలనిపించింది. దండం పెట్టి బయటికి వచ్చి, అడవి అవతలి ఇనుపకొండ దారి పట్టింది. ఆ కొండ మీది రాక్షసుడి జుట్టు నిండా ఇనుపరజను పట్టి చిక్కులు పడి ఉంది. చిక్కు తీస్తే విరగని మేకు ఇస్తానన్నాడు. పొద్దంతా దువ్వింది. దువ్వుతున్నంతసేపూ వాడు తన తల్లి ఇంతకన్నా మెత్తగా దువ్వేదని సణిగాడు. చివరికి కొండలోంచి ఇనుము పిండి, పుల్ల కొలత చూసి, మేకూ బిళ్ళా చేసిచ్చాడు.

"లోకం విరిగినా ఇది విరగదు పిల్లా. పో."

అది చక్రంలో చక్కగా కూర్చుంది. మంగతాయి గట్టిగా బిగించింది. కనకాయి వెనక నుంచి బండి తోసింది. కుమ్మరివీధి మలుపు దాకా బాగానే వెళ్ళింది. అక్కడ బిళ్ళ తనంతట తాను తిరుగుతూ వచ్చి దుమ్ములో పడింది. మేకు విరగలేదు, వంగలేదు. చక్రం మాత్రం ఊడింది.

మంగతాయి బిళ్ళను తీసుకుని వాగు దాకా నడిచి, నీళ్ళలోకి బలమంతా పెట్టి విసిరింది. అది టంగున మోగి వెనక్కి వచ్చి పడింది. వాగులోంచి గుడిసెంత నత్త తల ఎత్తింది.

"పెంకుకు సొట్ట పడిందమ్మాయ్. నన్నెందుకు కొట్టావు?"

మంగతాయి తప్పయిందని చెప్పి, అక్కడే కూలబడి అంతా చెప్పుకుంది. నత్తకు తొందర లేదు. మొత్తం విని, ఎడమ చక్రం ముందుకు పోయేటప్పుడు ఎటు తిరుగుతుందో గాలిలో చేత్తో చూపించమంది. మంగతాయి చూపించింది. బిళ్ళ విప్పేటప్పుడు ఎటు తిప్పుతావో చూపించమంది. చూపించబోయి, ఆమె చెయ్యి మధ్యలో ఆగిపోయింది. రెండూ ఒకవైపే. ఎడమ చక్రం తిరుగుతూ తన బిళ్ళను తానే విప్పుకుంటోంది. కుడి చక్రం తన బిళ్ళను ఇంకా బిగించుకుంటోంది.

"గాడి రెండో వైపుకు తిరిగిన మేకు కావాలి" అంది మంగతాయి నెమ్మదిగా.

"నా పెంకు మెలిక కూడా రెండో వైపే. అందుకే ఈ వాగులో నత్తలు నన్ను దగ్గరికి రానివ్వవు. అలాంటివాళ్ళు మీ ఇళ్ళలో లేరా?"

ఉన్నారు. కనకాయిది పుర్రచేతి వాటం. చిన్నప్పుడు ఆమె చుట్టిన దారం అప్రదక్షిణంగా తిరిగేది. ఆ మేకులు అరిష్టమని అచ్చమాంబ పారేయించి, కూతుర్ని మళ్ళీ కొలిమి మెట్టు ఎక్కనివ్వలేదు. మంగతాయి పరుగున ఇంటికి వచ్చి అడిగితే, కనకాయి గేదె తొట్టి కింద మట్టి తవ్వి తుప్పు పట్టిన మేకు ఒకటి తీసింది. దాని బిళ్ళ దానికే ఉంది. పుల్లతో కొలిస్తే సరిపోయింది. అది ఈ ఇంట్లో బండ్లకు ఎప్పుడూ వాడే కొలతకే చేసిన మేకు మరి.

అచ్చమాంబ గుమ్మానికి అడ్డం నిలబడింది.

"ఎదురు తిరిగిన మేకు ఈ గడప దాటకూడదే."

మంగతాయి తల వంచుకునే చెప్పింది.

"నాన్న బండికి శుభమైన మేకే వేశాం కదా, నాయనమ్మా."

అచ్చమాంబ గుమ్మంలోంచి తప్పుకుని, తుప్పు వదలడానికి చింతపండు తెచ్చి తానే తోమసాగింది.

మర్నాడు పొద్దున పడమటి గాలి లేవగానే మంగతాయి తెరచాప ఎత్తింది. బీడులో దారి పొడుగునా రాతిమనుషులు, రాతిఎడ్లు. ఆమె కళ్ళు మాత్రం ఎడమ బిళ్ళ మీదే ఉన్నాయి. రాళ్ళ మీద బండి ఎగిరెగిరి పడింది. బిళ్ళ కదల్లేదు. ఊట దగ్గర, చెక్కల మీంచి వంగి కడవ ముంచింది. సాయంత్రం తూర్పు నుంచి వీచే సముద్రపు గాలికి తిరిగి వస్తూ దారంతా నీళ్ళు చల్లింది. చల్లిన చోటల్లా నేల నల్లబడి మెత్తబడింది. ఎడ్లు తల విదిలించాయి. అంచున నిలబడ్డ వీరమల్లు దగ్గరికి వచ్చేసరికి కడవలో చివరి దోసెడు మిగిలింది. అది మీద పడగానే అతను తుమ్మాడు. కూతురి ముఖం చూడకముందే వంగి ఎడమ చక్రం చూశాడు.

"ఎవరు చేశారమ్మా ఇది?"

"అత్త."

రాజు స్వయంగా కమ్మరివాడకు వచ్చాడు. మంగతాయికి రాజ్యంలోని రథాలన్నిటి మీదా పెత్తనం ఇస్తున్నానని, ప్రతి రథం ఎడమ చక్రానికీ కనకాయి మేకే వేయాలని చాటించాడు. జనం మంగతాయిని మాట్లాడమని చుట్టుముట్టారు. ఆమె చెవులు ఎర్రబడ్డాయి. లోపల కొలిమి మెట్టు మీద కూర్చుని కనకాయి అప్పటికే మేకుకు దారం చుడుతోంది, తనకు వచ్చిన వైపుకే. అచ్చమాంబ మనవరాలి భుజం పట్టి లోపలికి, కనకాయి దగ్గరికి తోసింది. పిల్లకు బోలెడు పనుందని రాజుగారితోనే చెప్పి, తలుపు మూసేసింది.