సైకిళ్ల షెడ్డు దగ్గర నీలి ముఖం

జర్మనీలో, కార్ల్స్‌రూహెలో మా ట్రామ్ లైను చివర ఒక హైస్కూలుంది. దాని వెనక సైకిళ్ల షెడ్డు. చీకటి పడ్డాక అటు వెళ్లొద్దని కరోనా మొదటి చలికాలంలో మన తెలుగువాళ్లంతా ఒకరికొకరు చెప్పుకున్నారు.

ముందు చూసింది భానుప్రియగారు. షెడ్డు మూల, పొదల మధ్య, ఒక ముఖం... నీలంగా. కింద ఒళ్లు లేదు. పెదవులు మాత్రం కదులుతున్నాయి. ఆవిడ వాట్సాప్ గ్రూపులో పెట్టారు. వారం తిరక్కుండా ఇంకో ముగ్గురు చూశారు. ఒకాయన అసలు చూడకుండానే, రెండో ప్రపంచ యుద్ధంలో బాంబు పడి పోయిన పిల్ల అని తేల్చేశాడు.

అప్పటికి స్కూలు మూసేశారు. పాఠాలన్నీ తెర మీదే. స్కూలయ్యాక పిల్లలు చేరే క్లబ్బుల్ని ఇక్కడ ఏజీలంటారు. నాటకం ఏజీ, పాటల ఏజీ, చదరంగం ఏజీ — అన్నీ ఆగాయి. అత్యవసరం కాదట. ఫ్యాక్టరీలు అత్యవసరం, పిల్లల గొంతులు కాదు. డిబేట్ ఏజీ ఒక్కటే ఆన్‌లైన్లో మిగిలింది, ప్రతి గురువారం ఐదున్నరకి. స్కూలు తరఫున పోటీకి ఇద్దరే వెళ్లాలి. ఒక్క గురువారం రాకపోయినా పేరు కొట్టేస్తారు.

మనమంతా ఒకే పడవలో ఉన్నామని ప్రతి స్టాపులోనూ పోస్టరు. ఆ పడవలో ఎవరు కిటికీ పక్కన కూర్చున్నారో, ఎవరు అడుగున నీళ్లు తోడుతున్నారో పోస్టరు చెప్పదు.

ఇక చలపతిగారి సంగతి. ఆయన నోట విన్నది విన్నట్టే చెప్తాను.

సాఫ్ట్‌వేర్ ఉద్యోగం, పెద్ద చదువులవాళ్లకిచ్చే బ్లూ కార్డు వీసా. కూతురు రిషిత పదో తరగతి, డిబేట్ ఏజీలో ఉంది. జనవరి చివరి గురువారం. మంచు పడి ఆగింది. ఆయన ట్రామ్ దిగాడు. నల్ల జాకెట్టు, తల మీద హుడ్డు, కొత్తగా తప్పనిసరి చేసిన తెల్ల మాస్కు — కొంగ ముక్కులా ముందుకి పొడుచుకొచ్చేది. చేతిలో సామాన్ల నారింజ సంచి.

"నేను నమ్మనండీ ఇలాంటివి," అన్నాడు. "పెద్ద దారంతా గడ్డ కట్టింది. జారి పడతానని షెడ్డు వైపు తిరిగా."

దీపస్తంభం కిందికి వచ్చాడు. గుసగుస... జర్మన్లో. ఎవరితోనో వాదిస్తున్నట్టు. ఆగుతుంది, మళ్లీ మొదలవుతుంది — జవాబు చెప్పే మనిషి మాత్రం లేదు.

తల తిప్పాడు.

పొదల్లో ముఖం. నీలంగా. పెదవులు కదులుతున్నాయి. ఈసారి మాట తెలుగులో వచ్చింది.

"పోకు... ఇంకొక్క నిమిషం... పోకు..."

జర్మన్ దెయ్యానికి తెలుగెలా వచ్చు?

అంతలో ముఖం చటుక్కున మాయమైంది. అక్కడంతా నలుపు. ఎందుకో ఆయనకే తెలీదు, ఒక అడుగు ముందుకి వేశాడు —

కెవ్వుమని అరుపులు. ఒకటి కాదు, పదిమంది పిల్లలవి, ఒక్కసారి, నేలలోంచి వచ్చినట్టు.

సంచి అక్కడే వదిలేసి పరుగెత్తాడు.

ఇంటికెళ్లి గడియ పెట్టి రెండు పనులు చేశాడు. గ్రూపులో దెయ్యం అని రాశాడు. స్కూలుకి మెయిల్ పెట్టాడు. జర్మన్లో దెయ్యమని రాస్తే పరువు పోతుంది కదా... అందుకని, చీకటి పడ్డాక షెడ్డు దగ్గర అనుమానాస్పద వ్యక్తి తిరుగుతున్నాడని, పన్ను కట్టే పౌరుడిలా, మర్యాదగా రాశాడు.

అప్పుడు రిషిత గదిలోంచి వచ్చింది. ముఖం పాలిపోయి ఉంది.

"నాన్నా, ఇవాళ ఏజీలో దెయ్యాన్ని చూశాం."

"ఎక్కడ?"

"వైశాలి వెనకాల. హుడ్డు ఉంది, మొహం లేదు. మొహం ఉండాల్సిన చోట తెల్లగా ముక్కు. చేతిలో ఆరెంజ్ సంచి. అందరం ఒక్కసారి కెవ్వుమన్నాం."

చలపతిగారు తన ఖాళీ చెయ్యి చూసుకున్నాడు.

వైశాలి ఎవరంటే, ఊళ్లో ఉన్న మన ఇండియన్ రెస్టారెంటు వంటమనిషి విశ్వనాథం కూతురు. రెస్టారెంటు మూతపడగానే ఓనరు నెట్ కట్ చేశాడు. వాళ్లుండేది దాని పైగదిలోనే. ఫోన్లో డేటా నెల మొదటి వారానికే సరి. స్కూలు వైఫై షెడ్డు మూల దాకా అందుతుందని కనిపెట్టి, పాఠాలకీ ఏజీకీ రోజూ అక్కడికే వచ్చేది. చీకట్లో ఫోను వెలుగు ముఖం మీద నీలంగా పడేది. తెర మీద ఆమె ఎప్పుడూ నల్ల గడి, కింద పేరు. బయట ఒళ్లు లేని ముఖం, లోపల ముఖం లేని పేరు. విద్య అందరి హక్కని గోడల మీద రాస్తాం. ఆ హక్కు ఎవరి రూటర్లోంచి వస్తుందో రాయం.

"కెమెరా పెట్టదని మేమంతా తనకి పొగరనుకున్నాం," అంది రిషిత. "ఇవాళ టాపిక్కే అది — కెమెరా తప్పనిసరి చెయ్యాలా వద్దా. చీటీల్లో తనకి చెయ్యాలనే పక్షం వచ్చింది. అయితే నువ్వే ముందు పెట్టమన్నారు టీచరు. పెట్టింది."

"మరి... పోకు, పోకు అని?"

"సిగ్నల్‌ని బతిమాలుతోంది నాన్నా. దానికోసమే ఫోను పట్టుకుని అటు తిరిగింది." రిషిత తలెత్తి చూసింది. "పోకు అని తను అన్నట్టు నీకెలా తెలుసు?"

"గ్రూపులో ఎవరో పెట్టారమ్మా," అన్నాడు చలపతిగారు.

రాత్రంతా టైముంది. పొరబడ్డానని ఇంకో మెయిల్ చాలు. రాయలేదు. రాస్తే పరుగెత్తింది తనేనని ఒప్పుకోవాలి. పొద్దున స్కూలు నుంచి జవాబొచ్చింది. ధన్యవాదాలు, భద్రత కోసం ఇకపై సాయంత్రం నాలుగు తర్వాత వైఫై ఉండదు, గేటుకి తాళం.

తర్వాతి గురువారం ఆ నల్ల గడి తెర మీదకి రాలేదు. రిషితని ఎంపిక చేశారు. షెడ్డు దగ్గర మళ్లీ ఎవరికీ ఏమీ కనబడలేదు.

ఇదంతా చలపతిగారు నిరుడు, ఆంక్షలు ఎత్తేశాక, ఒక పుట్టినరోజు విందులో చెప్పాడు. జోకుగా. తనని తాను బాగా అనుకరించాడు, సంచి వదిలేసి పరుగెత్తడం కూడా. గదంతా పడీ పడీ నవ్వింది.

"ఆ అమ్మాయికి చెప్పారా?" అన్నాను.

"ఏమని చెప్తాం బాబూ? చిన్నపిల్ల. ఈపాటికి మర్చిపోయుంటుంది."

నేను తలుపు వైపు చూశాను. ప్లేటు పట్టుకుని రిషిత నిలబడి ఉంది... ఎప్పట్నుంచో. ఆయన ఇంకా నవ్వుతూనే ఉన్నాడు.

"మెయిల్ పెట్టింది నువ్వా నాన్నా?" అంది, గుసగుసగా.