రెండు కాళ్లకు ఎనిమిది ప్యాడ్లు

నాగోల్‌లో మెట్రో ఎక్కగానే సఫారీ సూటు వేసుకున్న పెద్దమనిషి వచ్చి తారామణి పక్కన కూర్చున్నాడు.

"ఈ బండి చెంగిచెర్ల పోతదా?"

"పోదు సార్. దిగి నడవాలె."

కోడ్ సరిపోయింది. గూఢచారి విభాగం చీఫ్ విజయభాస్కర్ పేపరు తెరిచాడు. తారామణి ఆవులింత ఆపుకుంది. నాచారంలోని సర్క్యూట్ బోర్డుల డిజైన్ ఆఫీసులో ఇంజనీరు వేషంలో చేరి ఎనిమిది నెలలైంది.

"సరిహద్దు జవాన్ల వైర్‌లెస్ సెట్ బోర్డు ఫైల్ ఇయ్యాల ఐదింటికి ఫ్యాక్టరీకి పోతది. విదేశీ ముఠా అండ్ల తమ చిప్‌కు చోటు పెట్టించింది. అది పనిచేస్తే మనోళ్లు ఎక్కడున్నరో శత్రువుకు తెలుస్తది. ఆ చిప్ పనిచేయొద్దు. ఫైల్ మాత్రం ఆపకు, ముఠా మాయమైతది. లోపల రిషి మనోడే."

హబ్సిగూడలో దిగి షేర్ ఆటో ఎక్కింది.

బోర్డు మీద ప్రతి విడిభాగానికీ ఒక ఫుట్‌ప్రింట్ ఉంటుంది. దాని కాళ్లు ఆనే చోట గీసే రాగి ప్యాడ్ల బొమ్మ అది. సాఫ్ట్‌వేర్ లైబ్రరీలో దొరకనివి కొలతలు చూసి సొంతంగా గీయాలి. తారామణి అలాంటివి మూడొందల పన్నెండు గీసింది. కళ్లు మండుతున్నాయి.

బోర్డు బొమ్మను అసలు సైజులో ప్రింట్ తీసి, విడిభాగాలను ఒక్కొక్కటే కాగితం మీద పెట్టి చూసింది. నాలుగున్నరకు బ్యాటరీ హోల్డర్ వంతు వచ్చింది. దానికి రెండు కాళ్లు. కాగితం మీద ఎనిమిది ప్యాడ్లు. మిగతా ఆరూ ముఠా చిప్ కాళ్లకే.

గీసినవారి పేరు: తారామణి. సేవ్ చేసింది నిన్న మధ్యాహ్నం, ఆమె క్యాంటీన్‌లో ఉన్నప్పుడు. ఆమె పాస్‌వర్డ్ తెలిసింది చీఫ్ 'మనోడే' అన్న టీమ్ లీడ్ రిషికి ఒక్కడికే. ఈ చిప్ పనిచేస్తే దేశద్రోహి ఆమే.

కెమెరా దాచిన వెర్నియర్ కొలబద్దతో స్క్రీన్ ఫొటో తీసింది. వెనక నుంచి ఖరీదైన సెంటు వాసన వచ్చింది. నలగని తెల్లచొక్కాలో రిషి.

"ఏందమ్మా, ఇంకా గదే పట్టుకొని కూసున్నవ్? ముఖం సూడు ఎట్లయిందో. ఇంటికి పో, నేను పంపిస్త."

"జర రెండు నిమిషాలు అన్నా."

"నీ రెండు నిమిషాలల్ల నా పెండ్లి గూడ అయితది."

అతను కాఫీకి వెళ్లాడు. ప్యాడ్లు చెరిపితే కనిపెట్టేస్తాడు. చిప్‌ను కింది నుంచి చూపించిన బొమ్మను పైనుంచి చూసినట్టు గీసేయడం ఈ పనిలో కొత్తవాళ్లందరూ చేసే తప్పు. ఎడమ కుడి అవుతుంది, ప్లస్ కాలికి మైనస్ అందుతుంది. తారామణి ఆ తప్పును కావాలని చేసింది. అదనపు ఆరు ప్యాడ్లనూ వాటి తీగలనూ ఎంచుకుని, బొమ్మను అద్దంలోలా తిప్పేసే మిర్రర్ నొక్కింది. నాలుగు యాభై తొమ్మిదికి సేవ్.

రిషి వచ్చి ప్యాడ్లు లెక్కపెట్టుకున్నాడు. ఎనిమిది. తృప్తిగా ఫైల్ పంపించాడు.

మూడు వారాల తర్వాత, ఫ్యాక్టరీలో తయారైన బోర్డులకు కరెంటు ఇవ్వగానే ముఠా చిప్‌లు పొగలు కక్కాయి. తప్పెవరిదో తేల్చడానికి ముఠా ఇంజనీర్లు ముగ్గురు రిషిని వెంటబెట్టుకుని ఫ్యాక్టరీకి దిగారు. తారామణి పంపిన ఫొటో చూసిన విజయభాస్కర్ మనుషులు అక్కడే కాచుకుని ఉన్నారు.

బేడీలు పడ్డా రిషి చేతిలోని కాలిన బోర్డు వదల్లేదు. తారామణిని చూడగానే ఎగిరాడు.

"మిర్రర్ అయిందా? గింత చిన్న తప్పా? పంపే ముందు ఒక్కసారన్న చెక్ చేసుకోవద్దా?"

"రెండుసార్లు చేసుకున్న అన్నా," అంది తారామణి, కూర్చోవడానికి కుర్చీ ఎక్కడుందో వెతుక్కుంటూ.