తప్పు అచ్చయిన కార్డు

ముసలాయన్ని సన్నటి స్టీలు తీగతో చంపారు. కుర్చీలోంచి లేచే వ్యవధి కూడా ఇవ్వలేదు. పట్టుకున్న భూతద్దం ఇంకా చేతిలోనే ఉంది. ఎదురుగా టేబుల్ మీద ఆయన ప్రాణంగా చూసుకునే వెల్వెట్ ఆల్బం తెరిచి ఉంది. మొదటి పేజీలో నాలుగు కాగితం మూలలు మిగిలాయి కానీ, వాటి మధ్య ఉండాల్సిన పాత పోస్ట్‌కార్డు లేదు.

సీక్రెట్ సర్వీస్‌లో అందరూ డేగ అని పిలిచే ఏజెంటు శవాన్ని చూస్తూ నిలబడ్డాడు. పోయినాయన అతనికి సొంత బాబాయి. అమ్మానాన్నా లేని పిల్లాణ్ణి పెంచినవాడు. డేగకి ఏడుపు రాలేదు. కోపం మాత్రం వచ్చింది.

గూఢచారులకి చావింట్లో కూడా బ్రీఫింగే. చీఫ్ తలుపు దగ్గరగా వేసి గొంతు తగ్గించాడు.

"పాత వాటర్‌వర్క్స్ ప్రారంభోత్సవం ఫోటో అది. ఊరికి మంచినీళ్ళు ఇప్పటికీ ఆ సొరంగంలోంచే పోతున్నాయి. పంప్‌హౌస్ తలుపుకి అటొకటి, ఇటొకటి ఇనపమూతలు. ఒకటి తెరిస్తే మంచినీళ్ళ సొరంగం. రెండోది తెరిస్తే మడ్డి గది, వాడకంలో లేదు. ఏది ఏదో చెప్పే ప్లాన్లన్నీ మనమే తగలబెట్టాం. ఆ ఫోటోలో మాత్రం మంచినీళ్ళ మూత తెరిచి కనిపిస్తుంది. ఎవడో ఫోటోగ్రాఫర్ దాన్ని కార్డులేసి అమ్మాడని ఎవరికి తెలుసు?"

"బాబాయికి తెలుసు. ఆయనే మనకి చెప్పాడు."

"నీకు, నాకు, నెమలికి. విషం సరిహద్దు దాటిందని పొద్దునే కబురొచ్చింది. రేపు ఊరు కొళాయిలు తిప్పేలోపు కలిపేస్తారు. నువ్వూ నెమలీ కాపలా. ఎక్కువమందిని పెడితే ముఠా మొహం చాటేస్తుంది."

"ఇంట్లోవాళ్ళకి చెప్పొచ్చా సార్?"

"మీ పిన్నికి కూడా వద్దు. ఒక్కరికి చెబితే ఊరంతా గోల."

చీఫ్ వెళ్ళాక పిన్ని గ్లాసుతో మంచినీళ్ళు తెచ్చింది. ఇంట్లో శవం ఉన్నా వచ్చినవాళ్ళ దాహం చూడకుండా ఉండలేని మనిషి. ఇలాంటివాళ్ళే రేపు అందరికంటే ముందు కొళాయి తిప్పుతారు.

"ఎవరొచ్చారు పిన్నీ?"

"ఎవరో ఆడమనిషిరా. కార్డుల మార్పిడికని వచ్చింది. నేను వంటింట్లో ఉన్నాను, మొహం చూళ్ళేదు. పోతూ పోతూ గుమ్మంలోంచి 'వస్తానండీ' అంది. ఎంత మర్యాదస్తురాలో అనుకున్నాను."

డేగ కోటు గుండీ నొక్కాడు. అది టేప్ రికార్డర్. ఆఫీసులో రికార్డయిన మాటలు కొన్ని వినిపించాయి. నవ్వుతూ మాట్లాడుతున్న నెమలి గొంతు.

పిన్ని గ్లాసు టేబుల్ మీద పెట్టేసింది. "ఇదేరా. ఈ గొంతే."

నెమలి సర్వీస్‌లో అందరికంటే అందగత్తె. ఆమె చీర మడత నలగడం ఎవరూ చూడలేదు. ఆమె శత్రువుల దగ్గర కూడా జీతం తీసుకుంటోందని ఇప్పుడు తెలిసింది. చీఫ్‌కి ఫోన్ చేస్తే ఆమెని అరెస్టు చేస్తారు, విచారణ జరుపుతారు, చివరికి అటువైపు పట్టుబడ్డ తమ ఏజెంటుకి బదులుగా ఆమెని సరిహద్దులో అప్పగిస్తారు. డేగ రిసీవర్ ఎత్తి, మళ్ళీ పెట్టేశాడు.

అప్పుడు బీరువా కింద చెప్పుల డబ్బా కనిపించింది. కార్డులు సేకరించేవాళ్ళ పద్ధతి వేరు. డబ్బు పుచ్చుకోరు, కార్డుకి కార్డే. మార్చుకోడానికి పనికొచ్చే మామూలు కార్డులు డబ్బాలో పడేస్తారు. ఆల్బం మొదటి పేజీలో పెట్టేది మాత్రం అచ్చులో తప్పు జరిగిన కార్డు. తప్పు ఎంత పెద్దదైతే అంత ముద్దు వాళ్ళకి. ప్రెస్సువాళ్ళు నెగటివ్ తిరగేసి పెట్టడంతో వాటర్‌వర్క్స్ కార్డులు కొన్ని కుడి ఎడమలు మారిపోయి వచ్చాయి. తర్వాత సరిచేసి మళ్ళీ అచ్చేశారు. సరిగ్గా ఉన్నవి చెప్పుల డబ్బాలో దుమ్ము పట్టి ఉన్నాయి. నెమలి వాటిని ముట్టుకోనే లేదు. బాబాయిని చంపి మరీ ఎత్తుకెళ్ళింది తప్పు కార్డుని.

డబ్బాలోంచి ఒక కార్డు తీసి డేగ జేబులో పెట్టుకున్నాడు.

తెల్లవారేసరికి ఇద్దరూ పంప్‌హౌస్ ముందున్నారు. నెమలి చేతిలో మేకప్ బాక్సు ఉంది.

"బాబాయిగారి సంగతి విన్నాను. చాలా బాధేసింది," అంది. గొంతు కూడా వణికించింది. "నువ్వు కుడివైపు చూడు. ఎడమవైపు నేను దిగుతాను."

"అలాగే. చెవిలో రేడియో ఉంచుకో."

ఆమె ఎడమ మూత ఎత్తి నిచ్చెన దిగింది. డేగ కుడివైపుకి అడుగు కూడా వెయ్యలేదు. కాసేపటికి రేడియోలో గొంతు వినిపించింది.

"ఇక్కడ తడే లేదు. మంచినీళ్ళ సొరంగం ఇదేనంటావా?"

ఇప్పుడు ఆమె పైకొచ్చి రెండో మూత ఎత్తితే ఊరు ఊరంతా పోతుంది. పిన్ని ఈపాటికి లేచే ఉంటుంది. డేగ గొంతులో తేడా రాకుండా చూసుకున్నాడు.

"అడుగున ఇనప తలుపుంటుంది. అది దాటితే నీళ్ళు."

నిచ్చెన మెట్టు కిర్రుమంది. పైకా, కిందికా? తర్వాత తలుపు తోసిన చప్పుడు, వెంటనే దాని బరువుకే ఆ తలుపు మూసుకుపోయిన చప్పుడు వచ్చాయి. మడ్డి గది తలుపు లోపలినుంచి తెరుచుకోదు.

"ఇక్కడంతా ఎండిన బురదే," అంది నెమలి. గొంతు మారింది. "డేగా, తలుపు పడిపోయింది. పైన లివర్ ఉందేమో చూడు."

"ఉంది. చెయ్యి దాని మీదే ఉంది. బాక్సులో టైమర్ తిప్పేశావా?"

డేగకి అంతా తెలిసిపోయిందని ఆమెకీ తెలిసింది.

"నిచ్చెన మీదే తిప్పేశాను. ఇక ఆగదు. ఆ విషం గాల్లో కలిసినా ఊపిరి తీస్తుంది. తలుపు తియ్యి, ముఠాలో ఉన్నవాళ్ళ పేర్లన్నీ చెప్తాను."

"చెప్పు."

చెప్పింది. గబగబా, తడబడుతూ, అడ్రసులతో సహా చెప్పింది. కోటు గుండీ అన్నీ రికార్డు చేసుకుంది.

"అయిపోయాయి. తియ్యి."

"టార్చి ఉందిగా, ఆ కార్డు చూడు. కాపలావాడి ఛాతీ మీద పతకం ఏ వైపుంది?"

"కుడి... కుడివైపు."

"పతకం ఎడమవైపు పెట్టుకుంటారు. బాబాయిని అడిగి ఉంటే ఆయనే చెప్పేవాడు. కార్డు గురించి అడిగితే చాలు, పొంగిపోయేవాడు."

ఆమె ఏడ్చింది. ఈసారి నిజంగానే. డేగకి ఒక్క క్షణం జాలి వేసింది. వేసిందని ఒప్పుకోవాలి. లివర్ మీంచి చెయ్యి తీసేసి, ఆమెకి ఒక్క ముక్క చెప్పి రేడియో కట్టేశాడు.

మూత బిగించి దాని చుట్టూ తారు పోయించాక చీఫ్ పక్కకి పిలిచాడు.

"తలుపు తీసే టైము లేకపోయిందా?"

"ఉంది సార్."

చీఫ్ రిపోర్టులో ప్రమాదమని రాసుకున్నాడు.

డేగ ఇంటికొచ్చేసరికి పిన్ని కొళాయి కింద బిందె పెట్టింది. నీళ్ళు ధారగా పడుతున్నాయి. అతను జేబులోంచి సరైన కార్డు తీసి ఆల్బం మొదటి పేజీలో ఖాళీ మూలల మధ్య దూర్చాడు.

"ఇది డబ్బాలోదే కదరా," అంది పిన్ని.

"అవును పిన్నీ. ఆ తప్పు కార్డు ఇక రాదు."

ఆవిడకి అర్థమైంది. గ్లాసుతో నీళ్ళు తెచ్చి అతని చేతికిచ్చింది.

"పోతూ పోతూ ఏమైనా అందా ఆ మనిషి?"

"లేదు పిన్నీ," అన్నాడు డేగ, నీళ్ళు తాగి. "ఈసారి 'వస్తానండీ' అన్నది నేనే."