మూడో ఫోను

చేరిన రోజున అతని నెత్తిన పడినవి మూడు వందల పన్నెండు.

ఆ ఆఫీసులో వాటిని టికెట్లంటారు. ఎవరి కంప్యూటరు మొరాయించినా, ప్రింటరు కాగితం నమిలినా, పాస్‌వర్డు మర్చిపోయినా ఒక టికెట్టు పుడుతుంది. పుట్టి నేరుగా సెల్లార్‌లో కూర్చున్న ఒకే ఒక్క మనిషి తెర మీద వాలుతుంది. ముందున్నవాడు చెప్పాపెట్టకుండా మానేశాడని, అందుకే ఇంత పేరుకుపోయిందని మేనేజరు చెప్పాడు.

"పండక్కీ పబ్బానికీ సెలవులడగకు. మూడు నెలల్లో సున్నా చేసి చూపించు, పర్మనెంటు చేస్తాను. లేదంటే నీ దారి నీది, మా దారి మాది."

అతనికి లెక్కలంటే ప్రాణం. ఆ సాయంత్రమే కాగితం వెనక వేసి చూసుకున్నాడు. రోజుకు కొత్తవి పద్నాలుగు వస్తున్నాయి. పంతొమ్మిది మూస్తే నికరంగా అయిదు తగ్గుతాయి. అంటే అరవై మూడో పనిదినానికి సున్నా. అక్క ఇంట్లో హాల్లో, టీవీ ఆపేదాకా నిద్రకు నోచుకోని సోఫా మీంచి లేచి, సొంతంగా ఒక గది అద్దెకు తీసుకోవడానికి అరవై మూడు రోజులు. ఉద్యోగం పర్మనెంటని కాగితం చూపిస్తే తప్ప గది ఇవ్వనని ఇంటాయన ముందే చెప్పాడు.

లెక్క బాగానే ఉంది. మనుషులే లెక్కకు అందలేదు.

పై అంతస్తుల్లో అతని పేరు ఎవరికీ తెలియదు. "సపోర్టూ, ఒకసారి పైకి రా" అంటారు. వెళ్ళి బల్ల కిందకి దూరి, ఊడిపోయిన ప్లగ్గు పెట్టి లేస్తే, "ఇంతేనా? ఇది నేనూ చేసేదాన్నే" అంటారు. బాగుంటే ఎవరూ ఫోన్ చెయ్యరు. బాగోకపోతే ఆ పాడుచేసింది అతనే అన్నట్టు చేస్తారు. అకౌంట్స్‌లో ఉండే పెద్దావిడ మొదటి వారంలోనే ఫోనులో, "ఏం నాయనా, గొంతు మారింది, జలుబు చేసిందా?" అంది. ముందున్నవాడు పోయి కొత్తవాడు వచ్చాడన్న సంగతి ఆవిడకు ఈ రోజుకీ తెలియదు. అతనూ చెప్పలేదు. చెప్పి మాత్రం ఏం లాభం? కుర్చీ పాతదే, పాస్‌వర్డు పాతదే, కంప్యూటరులో పేరు కూడా పాతదే. 'సపోర్టు'.

ఆ గదికి కిటికీ లేదు. ట్యూబులైటు రొద, వేడెక్కిన ప్లాస్టిక్ వాసన. లోపలికి రావాలన్నా బయటికి పోవాలన్నా గోడకున్న చిన్న మిషనుకు కార్డు చూపించాలి. పచ్చ దీపం వెలిగితే తలుపు వదులుతుంది. సెల్‌ఫోను అక్కడ పనిచెయ్యదు. బల్ల మీది ల్యాండ్‌లైను ఒక్కటే లోకంతో సంబంధం; బయటి నుంచి ఫోన్లు వస్తాయి గాని, దాన్నుంచి ఆఫీసు నంబర్లకు తప్ప పోవు.

అరవై మూడో రోజు వచ్చింది. రేపటి నుంచి మూడు రోజులు సెలవు. మధ్యాహ్నం మూడింటికే ఆఫీసు ఖాళీ అయిపోయింది. సెలవుల తర్వాత పొద్దున తొమ్మిదింటికి లెక్కల కాగితం దానంతటదే మేనేజరు టేబులు మీదకు పోతుంది. అందులో సున్నా ఉండాలి.

అయిదుంపావుకి అక్క ఫోన్ చేసింది.

"ఎన్నింటికొస్తావురా?"

"ఏడవుతుందక్కా."

"మీ బావ రిమోటు పనిచెయ్యట్లేదట. చూద్దువుగాని రా."

"బ్యాటరీలు మార్చమను."

"మార్చడట. నువ్వున్నావుగా అంటున్నాడు."

వెనక నుంచి బావ గొంతు, "కంప్యూటర్ డాక్టరుగారిని తొందరగా రమ్మను, ఇక్కడ పేషెంటు సీరియస్" అంది. అతనికి నవ్వు రాలేదు. ఒళ్ళంతా పులిసిపోయినట్టుంది. "సరే" అని పెట్టేశాడు.

అయిదున్నరకి చివరి టికెట్టు మూశాడు. తెర మీద సున్నా పడింది. కుర్చీలో వెనక్కి వాలి కళ్ళు మూసుకున్నాడు.

తెరిచేసరికి, ఒకటి.

కొత్తది కాదు. మూసిన టికెట్టుకి జవాబు వస్తే అది మళ్ళీ తెరుచుకుంటుంది. నాలుగు నెలల నాటిది. 'పాత సర్వర్ గది. లోపలి కార్డు మిషను పనిచెయ్యడం లేదు. తలుపు రావడం లేదు. లోపల ఉన్నాను.' దాని కింద అతను మొదటి నెలలో రాసి మూసిన వాక్యం: 'మూడుసార్లు ఫోన్ చేశాం. యూజర్ స్పందించలేదు.'

అతనికి చెవులు వేడెక్కాయి. ఆ కంపెనీలో నియమం అది. మూడు ఫోన్లు చెయ్యాలి, ఎత్తకపోతేనే మూయాలి. లెక్క కుదరని రోజుల్లో అతను పాతవాటిని చదవకుండానే, ఒక్క ఫోనైనా చెయ్యకుండానే, అదే వాక్యం అతికించి మూసేశాడు. అలా మొత్తం ముప్పై ఎనిమిది. ఎవడడుగుతాడులే అనుకున్నాడు.

ఇప్పుడు దాని కింద కొత్తగా ఒక లైను.

'ఫోన్ రాలేదు.'

ఎవడో ఇంట్లో కూర్చుని ఆటపట్టిస్తున్నాడనుకున్నాడు. మళ్ళీ మూశాడు. సున్నా. ట్యూబులైటు ఒకసారి కొట్టుకుంది. ఒకటి.

'ఒక్కసారి కూడా రాలేదు.'

పంపినవాడి పేరు చూశాడు. సపోర్టు. పని ఎవరికి పడింది? సపోర్టుకి.

గేటుకి ఫోన్ చేశాడు. వాచ్‌మెన్ బాబాయ్ ఎత్తాడు.

"బాబాయ్, పాత సర్వర్ గదిలో ఎవరైనా ఉన్నారా?"

అవతల బాబాయ్ రేడియో కట్టేశాడు.

"ఎవరు చెప్పారు నీకు?"

"ఎవరూ చెప్పలేదు. టికెట్టు వచ్చింది."

బాబాయ్ గొంతు తగ్గించాడు. "నీ ముందు కుర్రాడు మానెయ్యలేదు నాయనా. ఇలాగే సెలవులొచ్చాయి. ఏదో వైరు చూద్దామని ఆ గదిలోకెళ్ళాడు, తలుపు పడిపోయింది. సెల్లు నీ బల్ల మీదే ఛార్జింగు పెట్టుకున్నాడు. ఆ గది ఫోను నుంచి గేటుకి చేసినా ఎత్తడానికి నేను లేను, తాళాలేసుకుని పోయాను. లోపల కంప్యూటరుంది కదా... దాంట్లో టికెట్టు పెట్టాడు."

"ఎవరికి?"

"ఎవరికి పెడతాడు? సపోర్టుకే పెట్టాలిగా. సపోర్టు వాడేగా." బాబాయ్ దగ్గాడు. "నాలుగో రోజు నేనే తలుపు తీశాను. కుర్చీలో కూర్చునే ఉన్నాడు, తెర వంక చూస్తూ. బయటికి పొక్కనియ్యద్దన్నారు. ఆ గదికి తాళం వేసి ఫోను వైరు కూడా కోసేశారు. నువ్వు లేచి పైకొచ్చెయ్. ఆరింటికి నేను తాళాలేసుకుని పోతాను, కిందకి దిగి చూసేది లేదు."

గడియారంలో అయిదు నలభై అయిదు. లేవాలి. లేచాడు కూడా. కానీ తెర మీద ఆ ఒకటి అలాగే ఉంది. అరవై మూడు రోజులు, పన్నెండు వందల దాకా ప్లగ్గులూ పాస్‌వర్డులూ, ఆఖరికి ఈ ఒక్కదాని దగ్గర... నియమం ప్రకారం మూడుసార్లు ఫోన్ చేసి మూస్తే? ఫోనుకు రెండు నిమిషాలనుకున్నా ఆరు నిమిషాలు. అబద్ధం నిజమైపోతుంది. వైరు కోసేసిన ఫోనును ఎవరెత్తుతారు?

పాత సర్వర్ గది నంబరు నూట తొమ్మిది. నొక్కాడు.

మోగింది.

రిసీవర్‌లోనే కాదు. వరండా చివర, గోడల అవతల... నిజంగానే మోగుతోంది. పది మోతలు లెక్కపెట్టి పెట్టేశాడు. టికెట్టులో రాశాడు: 'మొదటి ఫోను. స్పందన లేదు.'

రెండోసారి నొక్కాడు. రెండు మోతలకే ఆగింది. ఎవరో ఎత్తారు. ఏసీ హోరు లాంటి శబ్దం... దాని లోపల, ఎండిపోయిన గొంతు, చాలా నెమ్మదిగా...

"ప్లగ్గు... పెట్టే ఉంది... చూశాను."

అతను రిసీవర్ పడేశాడు. భయం కంటే ముందు ఇంకోటి కలిగింది. ఆ మాట తనకు తెలుసు. ప్లగ్గు పెట్టి ఉందా అని ప్రతి ఫోనులో తను మొదట అడిగే ప్రశ్నకు, రోజూ విసుగ్గా వచ్చే జవాబు. చావబోతూ కూడా వాడు ముందు ప్లగ్గు చూసుకున్నాడు.

"అన్నా," అన్నాడు గాలిలోకి, గుసగుసగా. "నేను చదవలేదన్నా. చదివి ఉంటే..."

చదివి ఉంటే ఏం? అప్పటికే నెల దాటింది. అయినా చదవలేదు. అది మాత్రం నిజం.

మూడో ఫోను చెయ్యలేదు. మూసే ధైర్యమూ లేదు. గేటుకి నొక్కాడు. మోగింది, మోగింది, ఎవరూ ఎత్తలేదు. గడియారం చూశాడు. ఆరు పన్నెండు. అరగంట దాకా ఎక్కడికి పోయిందో అర్థం కాలేదు.

వరండా చివర ఏదో బరువైన తలుపు తెరుచుకున్న చప్పుడయింది.

తెర మీద ఒకటి పోయింది. సున్నా. మూసిన టికెట్టు కింద, అతను రాయని లైను: 'సమస్య తీరింది. తలుపు వచ్చింది.'

సంచీ తీసుకుని తలుపు దగ్గరికి పరిగెత్తాడు. కార్డు చూపించాడు. దీపం వెలగలేదు. తిప్పి చూపించాడు. తుడిచి చూపించాడు. పచ్చ లేదు, ఎరుపు లేదు... మిషను చచ్చి ఉంది. తలుపు గుద్దాడు. అరిచాడు. ఆ అరుపు వరండాలో దూరంగా పోయి ఆగింది.

వెనక కంప్యూటరు చిన్నగా టింగుమంది.

ఒకటి.

'సపోర్టు గది. లోపలి కార్డు మిషను పనిచెయ్యడం లేదు. తలుపు రావడం లేదు. లోపల ఉన్నాను.' పంపినవాడు సపోర్టు. అతను అది రాయలేదు. కానీ అందులో అబద్ధం ఒక్క ముక్క లేదు.

చూస్తుండగానే దాని కింద అక్షరాలు ఒక్కొక్కటే పడ్డాయి... తీరిగ్గా, నియమం తెలిసినవాడు రాసినట్టు.

'మొదటి ఫోను. స్పందన లేదు.'

బల్ల మీది ఫోను వంక చూశాడు. అది మోగలేదు. మోగితే వినపడేది. కానీ ఎత్తని ఫోన్లకు వెలిగే చిన్న ఎర్రదీపం మాత్రం కొట్టుకుంటోంది. దాని పక్కన నంబరు: నూట తొమ్మిది.

'రెండో ఫోను. స్పందన లేదు.'

దీపం ఇంకోసారి.

మూడోదీ ఎత్తకపోతే ఏ వాక్యం అతికిస్తారో అతనికి కంఠతా వచ్చు. ఆ తర్వాత మూడు రోజులు సెలవు. ఎత్తితే... ఎత్తితే ఏమవుతుందో ఏ నియమంలోనూ లేదు.

వరండాలో అడుగుల చప్పుడు తలుపు అవతల దాకా వచ్చి ఆగింది. ట్యూబులైటు రొద ఆగిపోయింది. ఆ నిశ్శబ్దంలో, ఈసారి నిజంగానే, ఫోను మోగింది.

ఒకటి. రెండు. మూడు. అలవాటు కొద్దీ లెక్కపెట్టుకుంటూ, అతను చొక్కాకు చెయ్యి తుడుచుకుని, రిసీవర్ వైపు చాచాడు.